చదివింది అర్థం కావాలంటే: తెగిన చోటు పట్టుకుని సరిచేసుకునే పద్ధతి

“రెండు పేజీలు చదివాను. వెనక్కి చూసుకుంటే ఒక్క ముక్కా గుర్తులేదు. మళ్లీ మొదటినుంచి చదవాలా?” పరీక్షలకు చదివేవాళ్లు, ఆఫీసు కాగితాలతో తంటాలు పడేవాళ్లు, పిల్లల చదువు చూసుకునే తల్లిదండ్రులు, అందరూ కాస్త అటూఇటుగా ఇదే ప్రశ్న అడుగుతున్నారు.

మొదటినుంచి చదవొద్దు. ముందు అర్థం ఎక్కడ తెగిపోయిందో వెతకండి. తెలియని పదం దగ్గర తెగితే ఒక మందు, పొడుగాటి వాక్యం దగ్గర తెగితే ఇంకో మందు, రెండు వాక్యాల మధ్య లంకె దొరక్కపోతే మరొకటి. అన్నింటికీ ‘ఇంకోసారి చదవడం’ అనే ఒక్క మందే వేస్తుంటాం. అందుకే కాలం ఖర్చవుతుంది గానీ రోగం తగ్గదు.

## 1. చదివేటప్పుడు లోపల జరిగేది

కన్ను పంక్తి వెంట నున్నగా జారదు, గెంతుతుంది. ఒక చోట దాదాపు పావు సెకను ఆగి కొన్ని అక్షరాలు పట్టుకుని ముందుకు దూకుతుంది. మధ్యమధ్య వెనక్కీ దూకుతుంది. బాగా చదివే వాళ్ల కళ్లు కూడా సుమారు పది గెంతుల్లో ఒకటి వెనక్కి వేస్తాయి. కాబట్టి వెనక్కి చూడటం తప్పని ఎవరైనా చెబితే నమ్మకండి.

మనసులో జరిగే పని మూడు అంతస్తుల్లో ఉంటుంది. కింద అచ్చులో ఉన్న మాటలు. వాటి మీద, ఆ మాటలు కలిసి చెప్పే విషయం. అన్నిటికంటే పైన, ఆ విషయమూ మనకు ముందే తెలిసిన సంగతులూ కలిసి కట్టుకునే చిత్రం. మాటలు కాసేపట్లో చెరిగిపోతాయి. నిలిచేది చిత్రమే.

ఈ పేరా చదవండి:

“ఒకే గదిలో ఉన్న ఇనుప కుర్చీ, చెక్క కుర్చీ రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే. అయినా ఇనుప కుర్చీ చల్లగా తగులుతుంది. చర్మానికి తెలిసేది వస్తువు ఎంత వేడిగా ఉందన్నది కాదు, తన వేడి ఎంత వేగంగా పోతోందన్నది. లోహం వేడిని చప్పున లాక్కుంటుంది, చెక్క నెమ్మదిగా తీసుకుంటుంది. రెండూ ఒంటికంటే వేడెక్కిన రోజున ఇది తిరగబడుతుంది.”

చివరి వాక్యంలో ‘తిరగబడేది’ ఏమిటి? పేరాలో ఎక్కడా రాయలేదు. అప్పుడు వేడి కుర్చీలోంచి ఒంట్లోకి వస్తుంది, లోహం ఆ పని కూడా చప్పున చేస్తుంది, కాబట్టి చెక్కకంటే ఇనుమే ఎక్కువ కాలుతుంది. ఈ మాట మీ అంతట మీకు తట్టిందా? తడితే మూడో అంతస్తు చేరారు. అయిదు వాక్యాలూ అర్థమై ఇది మాత్రం తట్టకపోతే రెండో అంతస్తులో ఆగారు. ‘చదివాను గానీ బుర్రకెక్కలేదు’ అనేవాళ్లలో చాలామంది ఆగిపోయేది అక్కడే.

## 2. మీకు ఎక్కడ తెగుతోందో తేల్చుకోండి

ఈ మెట్టు దాటేసి నేరుగా చిట్కాలకు పోవద్దు. పావుగంట పని.

కొత్త విషయం మీద ఉన్న ఒక పేజీ తీసుకోండి, పెన్సిల్ పట్టుకుని చదవండి. అడ్డు తగిలిన ప్రతిచోటా అంచున ఒక గుర్తు పెట్టండి.

- ప: పదం తెలియలేదు
- వా: పదాలన్నీ తెలుసు, వాక్యం మాత్రం పట్టు దొరకలేదు
- లం: వాక్యం తెలిసింది, ముందు వాక్యంతో లంకె తెలియలేదు
- నే: అన్నీ తెలిశాయి, అసలు దేని గురించి మాట్లాడుతున్నారో తెలియలేదు (నేపథ్యం లేదు)

ఏ గుర్తు ఎక్కువ పడితే అదే మీ బలహీనమైన చోటు. ఒక్క గుర్తూ పడకుండా పేజీ అయిపోయి, అడిగితే ఏమీ చెప్పలేకపోతున్నారా? అప్పుడు తెగింది ధ్యాస. గుర్తు పెట్టాలన్న పనే దాన్ని కొంత బాగుచేస్తుంది.

ఇంకో పరీక్ష కూడా చేయండి. అదే స్థాయి పేజీ ఒకటి ఇంకొకరి చేత చదివించుకుని వినండి. వింటే అర్థమై చదివితే కాకపోతే ఇబ్బంది అక్షరాలను మాటలుగా మార్చుకునే వేగంలో ఉంది. విన్నా అర్థం కాకపోతే ఇబ్బంది భాషలోనో విషయ పరిజ్ఞానంలోనో ఉంది, ఎంత వేగంగా చదవడం నేర్చినా తీరదు. ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు 1986లో దీన్ని గుణకారంగా చెప్పారు: అక్షరాలు చదవగలగడం, భాష అర్థం చేసుకోగలగడం, ఈ రెంటి లబ్ధమే చదివి గ్రహించడం. ఒకటి సున్నా అయితే ఫలితమూ సున్నాయే.

## 3. పుస్తకం తెరవకముందు

సన్నాహం అంటే బల్ల సర్దుకోవడం ఒక్కటే కాదు. మనసులో ఆ విషయానికి చోటు చేసి పెట్టడం.

1972లో జాన్ బ్రాన్స్‌ఫర్డ్, మార్సియా జాన్సన్ ఒక ప్రయోగం చేశారు. బట్టలు ఉతికే పద్ధతిని ఆ పేరు ఎత్తకుండా, “వస్తువులను కుప్పలుగా విడదీయాలి” అన్న తీరులో రాసి వినిపించారు. విషయం ముందే చెప్పినవాళ్లకు బాగా అర్థమైంది, గుర్తుంది. చెప్పనివాళ్లకు అయోమయంగా తోచింది. విన్నాక చెప్పినా పెద్దగా లాభం లేకపోయింది. శీర్షికను చివర చూసుకుంటే చాలదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మొదటి అయిదు నిమిషాలు ఇలా గడపండి:

- శీర్షిక, ఉపశీర్షికలు, బొమ్మల కింది మాటలు, మొదటి పేరా, చివరి పేరా మాత్రం చూడండి.
- ఈ విషయం గురించి మీకు ఇప్పటికే తెలిసింది మూడు ముక్కల్లో కాగితం మీద రాయండి. తప్పైనా పర్లేదు.
- ఎందుకు చదువుతున్నారో ఒక వాక్యంలో రాయండి. “తెలుసుకోవడానికి” అని రాయొద్దు. “అద్దె ఒప్పందంలో ఖాళీ చేయడానికి గడువు ఎంత ఇచ్చారో చూడటానికి” అన్నట్టు రాయండి.
- ఉపశీర్షికలను ప్రశ్నలుగా మార్చండి. ‘నేల కోతకు కారణాలు’ అని ఉంటే ‘నేల ఎందుకు కోసుకుపోతుంది?’
- ఫోన్ వేరే గదిలో పెట్టండి.

స్థాయి కూడా చూసుకోవాలి. ఆంగ్లం నేర్చుకునేవాళ్ల మీద జరిగిన పరిశోధనల్లో, ఎవరి సాయమూ లేకుండా హాయిగా అర్థం కావాలంటే వందలో దాదాపు 98 పదాలు తెలిసి ఉండాలని తేలింది. అంటే వందకు రెండు మాత్రమే కొత్తవి. అయిదారు కొత్త పదాలు తగిలితే ఆ పుస్తకం పక్కన పెట్టి, అదే విషయం మీద తేలికైనది చదివి మళ్లీ రండి. పిల్లల కోసం రాసిన పుస్తకమైనా సరే. ఇందులో చిన్నతనం ఏమీ లేదు, కొత్త విషయం నేర్చుకోవడానికి నాకు తెలిసిన మంచి దారి ఇదే.

## 4. ‘ప’ గుర్తు: పదం దగ్గర

తెలియని ప్రతి పదానికీ నిఘంటువు తెరిస్తే వాక్యం చేజారిపోతుంది. ఈ వరస పాటించండి.

1. గుర్తు పెట్టి పేరా చివరిదాకా వెళ్లండి. చాలాసార్లు తరవాతి వాక్యమే అర్థం చెప్పేస్తుంది.
2. పదాన్ని విడదీయండి. ‘హేతువు’ అంటే కారణం అని తెలిస్తే సహేతుకం, నిర్హేతుకం, హేతుబద్ధం, హేతువాదం అన్నీ దారిలో పడతాయి.
3. అదే పదం మళ్లీ వచ్చినా, వాక్యం దాని మీదే ఆధారపడినా అప్పుడు నిఘంటువు చూడండి.
4. చూసిన పదాన్ని అది వచ్చిన వాక్యంతో సహా రాసుకోండి. ఒంటరిగా రాసిన పదం నిలవదు.

తెలియని పదంకంటే ప్రమాదమైనది తెలుసనుకున్న పదం. ‘ప్రమాణం’ చూడండి. మామూలు మాటల్లో ఒట్టు, కొలతల పాఠంలో కొలిచే యూనిట్, తర్కంలో ఒక విషయం తెలుసుకోవడానికి ఆధారం. పాత అర్థంతోనే ముందుకు పోతే పేజీ అంతా వింతగా కనిపిస్తుంది, ఎందుకో తెలియదు. తెలిసిన పదం అక్కడ అతకనట్టు అనిపిస్తే దానికీ ‘ప’ గుర్తే పెట్టండి.

## 5. ‘వా’ గుర్తు: పొడుగాటి వాక్యం దగ్గర

తెలుగులో అసలు క్రియ సాధారణంగా చివర ఉంటుంది. అది వచ్చేదాకా ముందువన్నీ మనసులో మోయాలి. బరువు ఎక్కువైతే చేతిలోంచి జారిపోతాయి. ఇలాంటి వాక్యాన్ని వెనకనుంచి విప్పాలి.

“వరదలకు తెగిన కట్టను బాగుచేయడానికి మంజూరైన సొమ్ములో సగం కూడా ఖర్చు కాకముందే గడువు ముగిసిందని గుత్తేదారు చెప్పిన మాట వాస్తవం కాదని తనిఖీలో తేలింది.”

1. చివరి క్రియ ఏది? తేలింది.
2. ఏం తేలింది? ఒక మాట వాస్తవం కాదని.
3. ఎవరి మాట? గుత్తేదారుది.
4. ఏమన్నాడు? సగం సొమ్ము కూడా ఖర్చు కాకముందే గడువు ముగిసిందని.
5. ఏ సొమ్ము? కట్ట బాగుచేయడానికి మంజూరైనది. ఏ కట్ట? వరదలకు తెగినది.

ఇప్పుడు మీరే నాలుగు చిన్న వాక్యాలుగా తిరిగి రాయండి. కట్ట తెగింది. బాగుచేయడానికి సొమ్ము వచ్చింది. సగం కూడా ఖర్చు కాలేదు, ఈలోపే గడువు అయిపోయిందని గుత్తేదారు అన్నాడు. అది నిజం కాదని తనిఖీ తేల్చింది.

మరి సొమ్మంతా ఖర్చయిందా? వాక్యం ఆ మాట చెప్పలేదు. అతని మాట అబద్ధమని మాత్రమే చెప్పింది. సగంకంటే ఎక్కువ ఖర్చయి ఉండొచ్చు, గడువే ముగిసి ఉండకపోవచ్చు. పరీక్షల్లో గద్యభాగం ప్రశ్నలు చాలామందిని పడేసేది ఇక్కడే: వాక్యం చెప్పనిదాన్ని మనం కలిపేస్తాం.

‘అని’ లెక్కపెట్టడం మంచి అలవాటు. పై వాక్యంలో రెండున్నాయి, ముగిసింద‘ని’, కాద‘ని’. సాధారణంగా ఒక్కో ‘అని’ వెనక ఒక నోరు ఉంటుంది. మొదటిది గుత్తేదారుది, రెండోది తనిఖీ చేసినవాళ్లది. ఎవరి మాట ఎవరి నెత్తిన వేస్తున్నామో తెలియకపోతే అర్థం తలకిందులవుతుంది.

మాట చివర అతికే చిన్న ముక్కలను కూడా చూడాలి. ‘వచ్చాడు’ అంటే రచయిత పూచీ పడుతున్నాడు. ‘వచ్చాడట’ అంటే విన్నమాట, పూచీ లేదు. ‘వచ్చి ఉండాలి’ అంటే ఊహ. ‘ఆయనే వచ్చాడు’, ‘ఆయన కూడా వచ్చాడు’ రెండూ ఒకటి కావు. ఒప్పందాల్లో, ఉత్తర్వుల్లో ‘చేయాలి’, ‘చేయవచ్చు’ మధ్య తేడాకు డబ్బు నష్టపోయిన వాళ్లుంటారు. ఇలాంటి కాగితాల్లో ఈ రెండు మాటల కింద గీత గీసుకుంటూ పోండి.

## 6. ‘లం’ గుర్తు: వాక్యానికీ వాక్యానికీ మధ్య

రెండు వాక్యాల మధ్య రచయిత ఒక పని చేస్తాడు: కారణం చెబుతాడు, ఎదురు తిరుగుతాడు, ఉదాహరణ ఇస్తాడు, మినహాయింపు పెడతాడు. ఆ పనికి పేరు పెట్టగలిగితే లంకె దొరికినట్టే.

- కాబట్టి, అందువల్ల: ముందు వచ్చింది కారణం, తరవాత వచ్చేది ఫలితం
- అయినా: ముందు చెప్పినదాన్నిబట్టి మీరు ఊహించింది జరగలేదు
- పైగా: అదే వైపు ఇంకో బరువు
- అంతమాత్రాన: ముందుది నిజమే, దానినుంచి మీరు లాగబోతున్న ముగింపు మాత్రం చెల్లదు

చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. “మందు వాడినవాళ్లలో ఎక్కువమంది కోలుకున్నారు. అంతమాత్రాన మందువల్లే కోలుకున్నారని చెప్పలేం.” మొదటి వాక్యం దగ్గర ఆగితే ఒక అర్థం, రెండోది కూడా చదివితే దాదాపు దానికి ఎదురు అర్థం.

జోడించే మాట లేకపోతే మీరే పెట్టి చూడండి. కుర్చీ పేరాలో మూడో వాక్యం ముందు ‘ఎందుకంటే’ పెట్టండి, అతుకుతుంది. ‘కాబట్టి’ పెట్టండి, అతకదు. అతికిన మాటే ఆ లంకె.

‘ఇది’, ‘దీని’ వంటి సర్వనామాల దగ్గర, ‘అలా’, ‘ఈ పరిస్థితి’ వంటి మాటల దగ్గర కూడా ఆగండి. అవి దేన్ని చెబుతున్నాయో వేలు పెట్టి వెనక్కి చూపించగలగాలి. చూపించలేకపోతే అర్థం కాలేదన్నమాటే.

## 7. ‘నే’ గుర్తు: నేపథ్యం లేకపోతే

దీనికి చదివే నైపుణ్యం ఒక్కటే చాలదు. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన కథనం ఇచ్చి చూశారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదివినా ఆట తెలియని పిల్లలకంటే మెరుగ్గా అర్థం చేసుకున్నారు.

అందుకని ‘నే’ గుర్తులు మూడు దాటితే ఆ పేజీతో కుస్తీ ఆపండి. ఆ విషయం మీద ఒక పటం, ఒక రేఖాచిత్రం, విజ్ఞాన సర్వస్వంలో రెండు పేరాలు, ఏదో ఒకటి చూసి తిరిగి రండి. పది నిమిషాలు పక్కకు వెళ్లినందుకు గంట మిగులుతుంది.

## 8. పేరాకు ఒకసారి ఆగడం, చివర పుస్తకం మూయడం

ప్రతి పేరా తరవాత తల ఎత్తి, పేజీ చూడకుండా ఒక వాక్యం చెప్పండి: ‘ఇక్కడ చెప్పింది ఏమిటంటే…’ రచయిత మాటలు వాడొద్దు. ఆయన మాటలే నోటికి వస్తున్నాయంటే ఇంకా మొదటి అంతస్తులోనే ఉన్నారు. చెప్పలేకపోతే ఆ ఒక్క పేరాకే వెనక్కి వెళ్లండి, పేజీ మొదటికి కాదు.

అంతా అయ్యాక పుస్తకం మూసి, ఖాళీ కాగితం మీద గుర్తున్నదంతా రాయండి. ఈ పని ఎవరికీ నచ్చదు, ఎందుకంటే ఎంత తక్కువ గుర్తుందో బయటపడుతుంది. కానీ ఈ మొత్తం వ్యాసంలో ఒక్కటే పాటిస్తానంటే నేను ఇదే పాటించమంటాను.

హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో దీన్ని కొలిచారు. ఒక గద్యభాగాన్ని కొందరు రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, రెండోసారి చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. అయిదు నిమిషాల తరవాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే కొంచెం పైచేయి. వారం తరవాత చూస్తే వాళ్లకు 42 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 56 శాతం. మళ్లీ చదివిన వెంటనే ‘వచ్చేసింది’ అనిపించడం ఎందుకు మోసం చేస్తుందో ఇందులో కనిపిస్తుంది.

రాశాక పుస్తకం తెరిచి, తప్పినవి వేరే రంగుతో చేర్చండి. మర్నాడొకసారి, వారానికొకసారి అదే కాగితం చూడకుండా చెప్పుకోండి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు

హైలైటర్‌తో పేజీ అంతా పూయడం. గీత గీస్తే చదివినట్టు ఉంటుంది, ఎంచుకునే పని మాత్రం వాయిదా పడుతుంది. పేరా పూర్తయ్యాక మాత్రమే గీయండి, పేరాకు ఒక్క ముక్కే.

వేగం కోసం లోపలి గొంతు (చదివేటప్పుడు మనసులో పలుక్కునే మాట) నొక్కేయడం. వేగం పెంచితే అర్థం తగ్గుతుంది, ఈ బేరం తప్పించుకోలేం. కఠినమైన చోట లోపలి గొంతు సాయం చేస్తుంది, దాన్ని ఉండనివ్వండి. ఇంకా కష్టమైతే పైకే చదవండి. తెలిసిన విషయం, తెలిసిన పదాలు పెరిగితే వేగం దానంతటదే వస్తుంది.

అన్నీ ఒకే వేగంతో చదవడం. ఉదాహరణల దగ్గర పరుగెత్తండి, నిర్వచనాల దగ్గర, ‘అయినా’ దగ్గర నడవండి.

స్క్రీన్ మీద చదివి అర్థమైందనుకోవడం. 2018లో 54 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో సమాచార రచనలకు కాగితానిదే మొగ్గు అని తేలింది, గడువు పెట్టుకుని చదివినప్పుడు మరీను. కథల విషయంలో ఆ తేడా కనబడలేదు. ముఖ్యమైన కాగితాలు అచ్చు తీసుకోండి. కుదరకపోతే స్క్రీన్ పక్కన నోట్‌బుక్ పెట్టుకుని పేరాకో వాక్యం చేత్తో రాయండి.

రచయితతో వాదిస్తూ చదవడం. ముందు ఆయన చెప్పింది ఆయన ఒప్పుకునేలా తిరిగి చెప్పండి. వాదన ఆ తరవాత.

## 10. పిల్లలతో చేసేటప్పుడు

గడగడా చదివే పిల్లలను చూసి మోసపోకండి. గొంతు సాఫీగా నడుస్తుంది, అర్థం నడవకపోవచ్చు. ‘అర్థమైందా?’ అని అడగొద్దు, అందరూ ‘ఆ’ అంటారు. ‘ఆ అబ్బాయి ఎందుకు తిరిగి వెళ్లిపోయాడంటావు?’ అని అడగండి.

అన్‌మేరీ పాలిన్‌క్సార్, ఆన్ బ్రౌన్ 1984లో పరీక్షించి చూపిన పద్ధతి ఇంట్లోనూ సాగుతుంది. ఒక పేరా మీరు, ఒక పేరా బిడ్డ. ఎవరి వంతు వస్తే వాళ్లే టీచరు, నాలుగు పనులు చేయాలి:

- ఒక ప్రశ్న వేయడం
- రెండు వాక్యాల్లో సారం చెప్పడం
- అర్థం కానిదేదో బయటపెట్టడం
- తరవాత ఏం వస్తుందో ఊహించడం

మూడోదానికి ముందు మీరే దారి చూపాలి. ‘ఈ వాక్యం నాకూ అర్థం కాలేదు, మళ్లీ చూద్దాం’ అని పెద్దవాళ్లు అనడం విన్న పిల్లలకు ఆగి అడగడానికి జంకు ఉండదు. అక్షరాల దగ్గరే నెలల తరబడి తడబడుతుంటే మాత్రం బద్ధకమని తిట్టకుండా కంటి పరీక్ష చేయించి, చదువు ఇబ్బందుల నిపుణులకు చూపించండి.

## 11. నెల రోజుల సాధన

రోజుకు 25 నిమిషాలు చాలు. 5 నిమిషాలు సన్నాహం, 15 నిమిషాలు గుర్తులతో చదవడం, 5 నిమిషాలు పుస్తకం మూసి రాయడం.

- మొదటి వారం: గుర్తులు పెట్టడం, పేరాకో వాక్యం. ఇంకేమీ వద్దు.
- రెండో వారం: రోజుకు రెండు పొడుగాటి వాక్యాలు విప్పి రాయడం.
- మూడో వారం: లంకె మాటల చుట్టూ గీత, సర్వనామాలకు బాణాలు.
- నాలుగో వారం: అన్నీ కలిపి, ఎక్కువగా పడుతున్న గుర్తు మీద రెట్టింపు సమయం.

నెలంతా ఒకే విషయం మీద చదవండి: నేలల గురించి అనుకుంటే నేలలే, గుండె పనితీరు అనుకుంటే గుండే. ముందు తేలిక పుస్తకం, తరవాత మధ్యస్థం, ఆపైన కఠినమైనది. మూడో పుస్తకంలోని మొదటి పేజీని నెల మొదట్లోనే ఒకసారి గుర్తులు పెట్టి చదివి, తేదీ వేసి దాచండి. నెలాఖరున అదే పేజీ శుభ్రమైన ప్రతి తీసుకుని మళ్లీ గుర్తులు పెట్టండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ప, వా, లం, నే ఏది ఎన్ని తగ్గాయో లెక్కపెట్టండి. ఏది తగ్గలేదో దానితోనే రెండో నెల మొదలుపెట్టండి.